మా అమ్మాయి ఇన్సులిన్ పంపు: 14 నెలలు వాడాక

మా అమ్మాయికి ఏడో ఏట టైప్ 1 షుగర్ అని తెలిసింది. ఇప్పుడు పన్నెండు. ఇన్సులిన్‌ని రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి ఎక్కించే చిన్న మిషనే ఈ పంపు. అది పెట్టక ముందు రోజుకు నాలుగు ఇంజెక్షన్లు, రాత్రి 2 గంటలకు ఒకసారి చెకింగ్. లైటు వేస్తే లేస్తుందేమోనని సెల్‌ఫోన్ వెలుగులోనే స్ట్రిప్ తీసేదాన్ని. నేను మంచం మీద కూర్చోగానే పిల్ల నిద్రలోనే చెయ్యి చాపి ఉంగరం వేలు ఇచ్చేది. గుచ్చినా కళ్ళు తెరిచేది కాదు. అది చూడలేకే పంపు కొందామని పట్టుబట్టాను.

మాది ట్యూబు ఉండే రకం. నడుముకి క్లిప్పుతో పెట్టుకుంటుంది. చేతికి ఉన్న సెన్సర్ 5 నిమిషాలకోసారి షుగర్ ఎంతుందో పంపుకి చెబుతుంది. దాన్నిబట్టి పంపు తనే ఇన్సులిన్ పెంచుతుంది, తగ్గిస్తుంది, పడిపోయేలా ఉంటే ఆపేస్తుంది. రాత్రుళ్ళు దీని పనితనానికి వంక పెట్టలేను. పడుకునేటప్పుడు 190 ఉన్నా తెల్లారేసరికి 110, 120 దగ్గర ఉంటోంది. మూడు నెలల సగటు, అదే హెచ్‌బిఎ1సి, 8.9 నుంచి 7.2కి వచ్చింది. నేను రాత్రంతా నిద్రపోతున్నాను.

తిండి దగ్గర మాత్రం పని మనదే. పంపు ఉంటే ఏదైనా తినొచ్చు, అదే చూసుకుంటుంది అని చాలామంది అనుకుంటున్నారు. అలా కుదరదు. తినబోయేదాంట్లో కార్బ్స్ (పిండి పదార్థాలు, చక్కెరలు) ఎన్ని గ్రాములో లెక్కకట్టి, తినడానికి పది పదిహేను నిమిషాల ముందే పంపుకి చెప్పాలి. వంటింట్లో చిన్న కాటా పెట్టుకున్నాం. 100 గ్రాముల వండిన అన్నంలో 28 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి. అన్నం, ఇడ్లీ మాకు లొంగాయి. పూరీ, బిర్యానీ ఇంకా లొంగలేదు. నూనె ఎక్కువ కదా, తిన్న మూడు నాలుగు గంటలకి షుగర్ మెల్లగా ఎక్కుతుంది.

కొనేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. పోయిన సంక్రాంతికి అరిసెలు తింది. లెక్క ప్రకారమే బోలస్, అంటే ఆ తిండికి సరిపడా ఇన్సులిన్ డోసు, ఇచ్చాం. రెండు గంటలకి 280. పంపు తనంతట తను ఇన్సులిన్ ఇస్తూనే ఉంది, స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది. బెల్లం ఎక్కువైందేమో అనుకుని అరిసెల మీదే తప్పు వేసి కూర్చున్నాను. ఇంకో గంటకి వేలు గుచ్చి చూస్తే 362. పిల్ల కడుపులో తిప్పుతోందమ్మా అంది. అప్పుడు పొట్ట మీది సెట్, అంటే పంపు నుంచి వచ్చే ఇన్సులిన్‌ని చర్మం లోపలికి పంపే భాగం, పీకి చూశాను. వెంట్రుకంత సన్నని ప్లాస్టిక్ గొట్టం, కొస దగ్గర మడతపడి ఉంది. ఇన్సులిన్ లోపలికి పోకుండా పైకే కారి ప్లాస్టర్ తడిసిపోయింది. ఒక్క అలారం కూడా మోగలేదు.

పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా ఒంట్లో పనిచేసే రకం వేరే ఇవ్వం కాబట్టి, సరఫరా ఆగితే కొద్ది గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి, అంటే ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వు కరిగించుకునేటప్పుడు పుట్టే ఆమ్లాలు, ఎక్కువైతే ప్రమాదం. ఆ రోజు వెంటనే ఇన్సులిన్ పెన్నుతో ఇంజెక్షన్ ఇచ్చి, కొత్త సెట్ వేసి, డాక్టరుగారికి ఫోన్ చేశాను. సాయంత్రానికి దిగింది. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఒకటే: 250 దాటి గంటలో దిగకపోతే వేలు గుచ్చి చూడ్డం, కీటోన్లు చూడ్డం, పెన్నుతో ఇవ్వడం, సెట్ మార్చడం. తిండిని తిట్టుకోవడం ఆ తర్వాత.

మా గుంటూరు ఎండలకి ఇంకో తంటా ఉంది. మే నెలలో చెమటకి సెన్సర్ ప్లాస్టర్ రెండు రోజులకే లేచిపోతోంది. చర్మం పూర్తిగా ఆరాక అంటించి, పైన ఇంకో టేపు వేస్తున్నాం. ఖోఖో ఆడేటప్పుడు పంపు తీసి టీచర్ దగ్గర పెడుతుంది, ఆట అయ్యాక మళ్ళీ తగిలించుకుంటుంది. గంటకు మించి తీసి ఉంచొద్దని డాక్టరుగారు చెప్పారు.

ఖర్చు దాచను. పంపుకే లక్షలు అయింది. సెట్లు, సెన్సర్లు కలిపి మాకు నెలకు 20 వేలు దాటుతోంది, ఇన్సులిన్ కాక. ఆ నెల ఖర్చు ఏళ్ళ తరబడి పెట్టగలరా అన్నది ముందు చూసుకోండి. డబ్బులు లేక సెట్‌ని మూడు రోజులకు బదులు ఆరు రోజులు ఉంచేకంటే పెన్నులతో జాగ్రత్తగా ఉండటమే నయం.

కొనే ముందు కొన్నాళ్ళు ట్రయల్ ఇవ్వమని అడగండి, మేం అడిగితే ఇచ్చారు. కొన్నాక పెన్నులు, సూదులు పారేయకండి. మా అమ్మాయి స్కూల్ బ్యాగులో నీలం రంగు పౌచ్ ఒకటి ఉంటుంది. అందులో పెన్ను, సూదులు, ఒక సెట్, గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి. ఆదివారం రాత్రి అది తనే సర్దుకుంటుంది, నేను ఒకసారి జిప్పు తీసి చూస్తాను.