మూత వేస్తే పడుకుంటుంది, తీస్తే లేస్తుంది: ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌తో కొన్నేళ్లు

యాపిల్ తన సొంత ఎం1 చిప్ పెట్టి 2020 నవంబరులో తెచ్చిన లాప్‌టాప్‌కి ఇప్పుడు సమీక్ష ఏంటని అడిగేవాళ్లుంటారు. కొత్తలో దీని మీద వచ్చినవన్నీ చదివాను. అన్నీ స్పీడు గురించీ, స్కోర్ల గురించీ. ఆ స్పీడుని దాటినవి ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. నాకు ఇవాళ్టికీ మోజు తీరనిది వేరే ఉంది. దీని మూత వేస్తే పడుకుంటుంది, తీస్తే లేస్తుంది. స్క్రీను, కీబోర్డు, కెమెరా లాంటివన్నీ ఇప్పటికే అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను.

నా పనేమిటో చెబితే ఈ మోజు అర్థమవుతుంది. రాజమండ్రిలో ఇంటి దగ్గరే పుస్తకాలకు పేజీలు కడతాను, ప్రూఫులు దిద్దుతాను, ప్రెస్సుకు పీడీఎఫ్ పంపుతాను. ఈ పని ఒక్క బిగిన సాగదు. ఏ మధ్యాహ్నమో రచయిత ఫోన్ చేసి, "అంకితం పేజీలో మా అమ్మగారి పేరుకి దీర్ఘం పోయిందండీ" అంటారు. అప్పటికప్పుడు తెరవాలి, దిద్దాలి, మూసేయాలి. పాత లాప్‌టాప్‌తో ఇదొక తంతు. మూత వేసినా లోపల మెలకువగానే ఉండేది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ బయల్దేరి తెల్లారి సంచి తెరిస్తే ఇస్త్రీపెట్టెలా కాలుతుండేది, బ్యాటరీ సున్నా. ఏ కంపెనీదో చెప్పను, అప్పట్లో చాలా లాప్‌టాప్‌లకు ఉన్న జబ్బే అది. దాంతో ప్రతిసారీ షట్‌డౌన్ చేయడం, మళ్లీ ఆన్ చేశాక ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటూ కూర్చోవడం.

ఎం1 వచ్చాక షట్‌డౌన్ చేయడమే మానేశాను. రాత్రి ఏ పేజీలో కర్సర్ పెట్టి మూత వేశానో పొద్దున్న అక్కడే ఉంటుంది. బ్యాటరీ ఒకటి రెండు శాతం తగ్గితే తగ్గుతుంది. కరెంటు పోయిందని ఫ్యాన్ ఆగితే తెలుస్తుంది తప్ప, లాప్‌టాప్ వల్ల తెలియదు. ఫోన్ వాడినంత మామూలుగా వాడేస్తున్నాను.

అలా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఈ గుణం ఫోన్ నుంచే వచ్చింది. ఫోన్ పొద్దస్తమానం జేబులో మెలకువగా ఉండి కాల్ కోసం కాచుకోవాలి, అయినా సాయంత్రం దాకా బ్యాటరీ మిగలాలి. ఆ నిబంధన కింద పుట్టిన చిప్‌ల వంశం ఇది. యాపిల్ 2008లో పీఏ సెమీ అనే చిన్న చిప్ కంపెనీని కొనుక్కుంది. 2010లో మొదటి ఐప్యాడ్‌కి ఏ4 అని సొంత పేరుతో చిప్ పెట్టింది. తర్వాత ఏటా ఐఫోన్ కోసం దాన్ని సానబెట్టుకుంటూ వచ్చింది. ఎం1లో ఉన్న కోర్లు, అంటే చిప్‌లో పని చేసే ముక్కలు, అదే ఏడాది ఐఫోన్ 12లో వచ్చిన ఏ14 చిప్‌లోవే. మొత్తం 8. నాలుగు బరువు పనులకు, నాలుగు చిల్లర పనులకు. నేను ప్రూఫు చదువుకుంటున్నంతసేపూ పెద్ద కోర్లకు పెద్దగా పని ఉండదు. ఇంతకుముందు లాప్‌టాప్ చిప్‌లు బల్ల మీది కంప్యూటర్ల నుంచి కిందికి దిగినవి. వాటికి పొదుపు తర్వాత నేర్పారు. ఇది జేబులోంచి పైకెక్కింది.

ఇక్కడ, ఎం1కి ముందు మ్యాక్‌లకు చిప్‌లు ఇచ్చిన ఇంటెల్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఆ కథ మన దేశం మీదుగా కూడా వెళ్లింది. ఫోన్లలో వాడేవీ, ఎం1 కూడా ఏఆర్‌ఎం అనే రకం చిప్‌లు. వాళ్ల దగ్గరా ఆ రకం ఉండేవి, ఎక్స్‌స్కేల్ అని. 2006లో ఆ వ్యాపారాన్ని 60 కోట్ల డాలర్లకు మార్వెల్ అనే చిప్ కంపెనీకి అమ్మేశారు. ఐఫోన్‌కి చిప్ చేసిపెట్టే అవకాశం తలుపు తడితే, ఆ ధర గిట్టదని వదులుకున్నామని అప్పటి సీఈఓ పాల్ ఒట్టెల్లిని 2013లో పదవి దిగేటప్పుడు స్వయంగా చెప్పారు. అమ్మకాలు ఎవరూ ఊహించనంతగా, 100 రెట్లు అయ్యాయని కూడా ఆయనే అన్నారు. తర్వాత తేరుకుని ఆటమ్ అనే తమ సొంత రకం చిప్‌తో ఫోన్లు చేయించారు. ఆటమ్ లోపలున్న మొట్టమొదటి స్మార్ట్‌ఫోన్ అమ్మకానికొచ్చింది భారతదేశంలోనే, 2012 ఏప్రిల్‌లో లావా వాళ్ల జోలో ఎక్స్900. అప్పటికే ఆండ్రాయిడ్ ప్రపంచమంతా ఏఆర్‌ఎం మీద స్థిరపడిపోయింది. 2014లో ఇంటెల్ మొబైల్ విభాగం ఒక్క ఏడాదిలోనే 400 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. 2016లో ఫోన్ చిప్‌ల ప్రయత్నం ఆపేశారు.

ఫోన్లు చేజారడం వరకైతే ఇంటెల్‌కి తట్టుకోగలిగిన దెబ్బే. అసలు దెబ్బ ఫ్యాక్టరీల దగ్గర తగిలింది. 2013 నుంచే ఏడాదికి 100 కోట్లకు పైగా స్మార్ట్‌ఫోన్లు అమ్ముడవుతున్నాయి, కంప్యూటర్ల అమ్మకాలు చూస్తే 2011 తర్వాత తగ్గుముఖం పట్టాయి. ఫోన్ చిప్‌లు చేసిపెట్టే తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీకి ఆ ఆర్డర్ల డబ్బే పెట్టుబడి అయింది. చిప్ తయారీ తరాలను నానోమీటర్లలో చెబుతారు, అంకె ఎంత తగ్గితే అంత కొత్త తరం. వాళ్లు 5 నానోమీటర్ల దాకా వచ్చేశారు, ఎం1 అందులోనే తయారైంది. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు 2015లోనూ 14 నానోమీటర్లే, 2021 మొదట్లోనూ 14 నానోమీటర్లే. ఈ అంకెలు కంపెనీకో లెక్కగా ఉంటాయి నిజమే, కానీ ఇంత తేడాని లెక్కల మీదికి నెట్టలేం. మనం ఫోన్లకు పెట్టిన డబ్బుతోనే ఈ లాప్‌టాప్ నా బల్ల మీదికొచ్చిందన్నమాట.

ఇంత పొగిడాక నొప్పి కూడా చెప్పాలి.

ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతి రాకముందు కంపోజ్ చేసిన తెలుగు పుస్తకాలు లెక్కలేనన్ని. అన్నీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లలో, పాత ఫాంట్లలో ఉంటాయి. ఒకాయన సీడీ పట్టుకొచ్చారు. వాళ్ల నాన్నగారు కథలు రాసేవారు. ఆయన సంవత్సరీకం నాటికి సంపుటి రెండో ముద్రణ రావాలి, పాత ముద్రణలో ఆయన తన చేత్తో గుర్తుపెట్టుకున్న అచ్చుతప్పులు కూడా దిద్దాలి. అంతకు కొద్ది నెలల ముందే నా పాత లాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. ఫాంట్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఉంది. అది యూఎస్‌బీ లాక్ పెడితేనే, అంటే కొన్నప్పుడు ఇచ్చిన తాళంలాంటి చిన్న ముక్కని పోర్టులో గుచ్చితేనే పనిచేసే రకం.

ఇంటెల్ మ్యాక్‌లలో అయితే బూట్ క్యాంప్‌తో నేరుగా విండోస్ వేసుకునే వీలుండేది. ఎం1లో అది లేదు. మ్యాక్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో ఏఆర్‌ఎం కోసం చేసిన విండోస్ వేసుకోవాలి. లాక్ అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. "విండోస్ ఉంటే చాలు సార్, అదే తీసుకుంటుంది" అన్నారు. సరే అని వేశాను. పేజ్‌మేకర్ తెరుచుకుంది! 2001లో ఆఖరి వెర్షన్ వచ్చిన సాఫ్ట్‌వేర్, ఇంటెల్ రకం చిప్‌ల కోసం రాసింది, ఇంకో రకం చిప్ మీద, మ్యాక్ లోపలి విండోస్‌లో చకచకా పేజీలు తిప్పుతోంది. అక్షరాలు మాత్రం పిచ్చి గుర్తుల్లా ఉన్నాయి. ఫాంట్ సాఫ్ట్‌వేర్ పడితే సర్దుకుంటాయిలే అనుకున్నాను.

అది పడలేదు. సగం దాకా వెళ్లి, లాక్ దొరకలేదని ఆగిపోయింది. మళ్లీ ఫోన్. పోర్టు మార్చమన్నారు. హబ్ తీసేయమన్నారు. రీస్టార్ట్ చేయమన్నారు. యాంటీవైరస్ తీసేయమన్నారు, నేను పెట్టుకోనేలేదు. చివరికి "మా దగ్గర బాగానే నడుస్తోంది సార్" అనే సమాధానం వచ్చింది. సంవత్సరీకం దగ్గరపడుతోంది, నాకు టెన్షన్ మొదలైంది. పక్కింటివాళ్ల అబ్బాయి హైదరాబాద్‌లో చిప్ డిజైన్ ఉద్యోగం చేస్తున్నాడు, శెలవుకి వచ్చి ఉన్నాడు. పిలిచి చూపించాను.

"అంకుల్, మామూలు ప్రోగ్రామ్‌నైతే విండోస్ ఈ చిప్‌కి తగ్గట్టు అప్పటికప్పుడు మార్చి నడిపిస్తుంది. లాక్‌ని గుర్తుపట్టే డ్రైవర్‌ని అలా మార్చదు. అది విండోస్ లోలోపల కూర్చునే సరుకు. ఈ చిప్ కోసం వాళ్లే మళ్లీ తయారుచేసి ఇవ్వాలి."

"ఇస్తారంటావా?"

"ఈ రోజుల్లో ఎన్ని లాక్‌లు అమ్ముడవుతున్నాయి అంకుల్ వాళ్లకి?"

ఇంకేం అడగను! గోకవరం బస్టాండు దగ్గర పాత విండోస్ డెస్క్‌టాప్ ఉన్న డీటీపీ సెంటర్ ఒకటుంది. అక్కడ పెళ్లిపత్రికల రద్దీ తగ్గాక, రాత్రిళ్లు కూర్చునే ఏర్పాటు చేసుకున్నాను. ముందు యూనికోడ్‌లోకి మార్చి ఇంటికి తెచ్చుకుందామని చూశాను. మార్చిన ఫైల్లో కొన్నిచోట్ల వత్తులు ఎగిరిపోయాయి, కొన్నిచోట్ల పక్క అక్షరానికి తగులుకున్నాయి. ఆయన యాసలో రాసిన సంభాషణల్లో ఏది వత్తు పోయిన మాటో, ఏది కావాలని అలా రాసిన మాటో తేల్చడం నావల్ల కాలేదు. దాంతో పేజ్‌మేకర్‌లోనే దిద్ది, అక్కడే పీడీఎఫ్ చేసి ప్రెస్సుకి పంపాను. పుస్తకం వేళకే వచ్చింది. ఆ వారం ఎం1 సంచిలోంచి బయటికి తీసింది తక్కువ.

తర్వాత ఒక సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొని బల్ల కింద పెట్టుకున్నాను. దాని పని లాక్‌ని గుర్తుపట్టడమే. కాబట్టి "షట్‌డౌన్ మానేశాను" అని పైన రాసింది ఎం1 వరకే వర్తిస్తుంది.

చిప్ మారినట్టు చాలామందికి తెలియనే తెలియదు. వాళ్ల పనులన్నీ ఫోన్ యాప్‌ల్లోకీ, బ్రౌజర్‌లోకీ వెళ్లిపోయాయి. ప్రాణం ఉన్న సాఫ్ట్‌వేర్‌కి కూడా ఇబ్బంది లేదు. ఇప్పుడు నేను పేజీలు కట్టే ఇన్‌డిజైన్ మొదట్లో, ఇంటెల్ కోసం రాసినవాటిని ఎం1 మీద నడిపే రోసెట్టా అనే అనువాద ఏర్పాటు మీదే నడిచింది, 2021 జూన్‌లో ఎం1 కోసం నేరుగా చేసిన వెర్షన్ ఇచ్చారు. తెలుగు యూనికోడ్ పుస్తకాలన్నీ హాయిగా అందులోనే చేస్తున్నాను. ఆ రోసెట్టా కూడా మ్యాక్‌ఓఎస్ 27 తర్వాత చాలావరకు ఉండదని యాపిల్ 2025లో ప్రకటించింది. పాత మ్యాక్ సాఫ్ట్‌వేర్ మీద బతుకుతున్నవాళ్లు ఈ సంగతి ఇప్పుడే చూసుకోవాలి.

ఎండాకాలం గురించి కూడా చెప్పాలి. దీనికి ఫ్యాన్ లేదు. చప్పుడు ఉండదని మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాను. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు ఉండాలని కంపెనీ స్పెసిఫికేషన్లలోనే ఉంది. మే నెలలో ఏసీ లేని నా గదికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? బొమ్మలు నిండిన పెద్ద పుస్తకాన్ని పీడీఎఫ్ చేస్తుంటే వేడెక్కి, స్పీడు తనే తగ్గించుకుంటుంది. ప్రూఫు పనికి ఏమీ తెలియదు. బరువు పనులు పొద్దున్నే చేసుకుంటాను. బ్యాటరీ కూడా కొత్తలో రెండ్రోజులు వచ్చేది, ఇప్పుడు సాయంత్రానికి చార్జర్ వెతుక్కుంటున్నాను. ఇన్నేళ్ల వాడకానికి అది న్యాయమే. మెమరీ 8 జీబీ, పెంచుకునే వీల్లేదు. అక్షరాల పుస్తకాలకు చాలు, ఫొటో ఆల్బమ్‌లు చేసేవాళ్లకు చాలదు.

మా బావమరిది ఈమధ్య కొత్త విండోస్ లాప్‌టాప్ తీసుకున్నాడు. 2024లో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్ రకం చిప్. పండక్కి వచ్చినప్పుడు మూత వేసి, మర్నాడు తీసి చూశాను. వెంటనే లేచింది, బ్యాటరీ దాదాపు అలాగే ఉంది. వివరాలు చదివితే నవ్వొచ్చింది. నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, మెమరీ చిప్ పక్కనే అతికించి ఉంది, అచ్చం ఎం1 అమరికే. అందులో ముఖ్యమైన ముక్కని ఇంటెల్ తన ఫ్యాక్టరీలో చేసుకోలేదు, టీఎస్‌ఎంసీతో చేయించుకుంది. అదే ఏడాది జూన్ నుంచి క్వాల్‌కామ్ వాళ్ల స్నాప్‌డ్రాగన్ ఎక్స్ లాప్‌టాప్‌లు కూడా వచ్చాయి. అదీ ఫోన్ చిప్‌ల కంపెనీయే, అవీ ఏఆర్‌ఎమ్మే, కాబట్టి నా లాక్ లాంటి చిక్కు వాటితోనూ రావచ్చు.

ఎం1ని మొదట్లో మన దగ్గర 92,900 రూపాయలకు అమ్మారు, నేను తర్వాత సేల్‌లో అంతకన్నా తక్కువకే తీసుకున్నాను. ఆ రోజుల్లో నాకు కావలసిన మూత ఇది తప్ప ఇంకెక్కడా దొరకలేదు. ఇవాళ నా పని చేసేవాళ్లు అడిగితే, లాక్ ఉందా అని ముందు అడుగుతాను. ఉంటే బావమరిది కొన్నదానిలాంటి ఇంటెల్ లాప్‌టాప్ చూడమంటాను, అదీ మీ లాక్‌ని అంగట్లోనే పెట్టి పరీక్షించుకున్నాకే. లేకపోతే, గదిలో ఏసీ ఉంటే, 16 జీబీ మెమరీ ఉన్న కొత్త ఎయిర్. నేనైతే బ్యాటరీ మార్పించి ఇంకో రెండేళ్లు దీన్నే లాగుదామని చూస్తున్నాను, సర్వీస్ సెంటర్‌లో చెప్పే రేటును బట్టి.