జౌగడ, పోటాగడ ఒక్కరోజు ట్రిప్పు: కారు తీసుకోండి, గైడ్‌ని వద్దనండి

ముందే చెప్పేస్తున్నా, కారు బాగుంది, డ్రైవర్ ఇంకా బాగున్నాడు, గైడ్‌కి ఇచ్చిన డబ్బులు మాత్రం దండగ. ఎందుకలా అంటున్నానో ఓపిక ఉన్నవాళ్ళు కింద చదువుకోండి, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ఒరిస్సాలోని మా బరంపురంలో ఈమధ్య గంజాం జిల్లా చరిత్ర చూపిస్తామని ఒక్కరోజు ప్యాకేజీలు అమ్ముతున్నారు. పొద్దున్న జౌగడలో అశోకుడి శాసనం, మధ్యాహ్నం గంజాం ఊళ్ళో పోటాగడ కోట, సాయంత్రం గోపాలపూర్, చీకటి పడ్డాక తిరిగొచ్చేటప్పుడు "మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి గారి జన్మస్థలం". మాది ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబం. చుట్టాలొస్తే బీచ్ చూపించి, ఆవకాయ, అప్పడాలు కట్టిచ్చి రైలెక్కించడమే తప్ప ఇలాంటివి ఎప్పుడూ తిప్పలేదు. ఈసారి శ్రీకాకుళం నుంచి మా మావయ్యగారు, అత్తయ్యగారు వచ్చారు. మావయ్యగారు కలెక్టర్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, పేపర్లో చిన్న అక్షరాలు కూడా వదలరు. "అల్లుడుగారూ, అశోకుడి రాయి ఇంత దగ్గర పెట్టుకుని మమ్మల్ని ఎప్పుడూ ఆ బీచికే తీసుకెళ్తారేంటండీ" అన్నారు, ఇంక బుక్ చెయ్యక తప్పలేదు. ప్యాకేజీవాళ్ళ పేరు రాయను. చిన్న వ్యాపారం, ఒక్క గైడ్ మూలంగా మిగతా డ్రైవర్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు.

కారు సంగతి తొందరగా తేల్చేస్తా. చెప్పిన టైముకి ముందే గుమ్మంలో ఉంది, ఏసీ పనిచేసింది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. డ్రైవర్ కుర్రాడు ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా మాట్లాడే మన బాపతే. అత్తయ్యగారిని రోజంతా "మాఉసీ" అని పిలిచాడు, మోకాళ్ళ నొప్పులని తెలిసి ఎక్కడ వీలైతే అక్కడ గేటు దాకా తీసుకెళ్ళి దింపాడు. పురుషోత్తంపూర్ దాటాక లోపలి రోడ్డు గతుకులు, అక్కడ కూడా విసుక్కోకుండా నెమ్మదిగా పోనిచ్చాడు. ఇతనికి ఐదుకి ఐదు.

ఇక గైడ్. బుక్ చేసేటప్పుడు తెలుగు వచ్చిన గైడ్ అన్నారు. వచ్చినాయనకి "రండి, చూడండి, ఫోటో తీసుకోండి" వరకే తెలుగు, మిగతాదంతా హిందీ. అది పెద్ద బాధ కాదు, మాకు హిందీ, ఒరియా రెండూ వచ్చు. బాధల్లా ఆయన చెప్పిన విషయంతోనే.

జౌగడ రుషికుల్య నది ఒడ్డున ఉంది, బరంపురం నుంచి గంట పైన పడుతుంది. పేరులో జౌ అంటే లక్క, శత్రువులు ఎక్కితే జారిపడేలా లక్కతో కట్టిన కోట అని ఊళ్ళో కథ. ఈ కథ గైడ్ చాలా బాగా చెప్పాడు, పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. 1956-57లో పురావస్తు శాఖ తరఫున దేబలా మిత్ర ఇక్కడ తవ్వకాలు జరిపించారు, కోట గోడ మట్టితో పోసిన పెద్ద కట్ట అని అప్పుడు బయటపడింది. ఆ ముక్క కూడా చెప్పుంటే ఇంకా రంజుగా ఉండేది, చెప్పలేదు. సరే, పోనీ అనుకున్నాం.

అసలు గొడవ రాయి దగ్గర. పైన షెడ్డు, చుట్టూ ఇనప గ్రిల్, లోపల పెద్ద రాతిబండ, దాని మీద బ్రాహ్మీ అనే పాతకాలపు లిపిలో అక్షరాలు. గైడ్ గొంతు కాస్త వణికించి, "కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని అశోకుడు ఏడ్చి ఈ రాతి మీదే రాయించాడు" అన్నాడు. మావయ్యగారు వెంటనే "ఏ వరసలో ఉందండీ?" అని అడిగారు. ఆయన చెయ్యి గాల్లో ఒక చుట్టు తిప్పి "ఇదంతా అదే" అన్నాడు.

అది ఇక్కడ లేదు. క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధం గురించి, లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత పోయారని, అందుకు తాను బాధపడుతున్నానని అశోకుడు చెప్పుకున్నది పదమూడో శిలాశాసనంలో, అంటే ఆయన చాలాచోట్ల రాళ్ళ మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల వరసలో పదమూడోదానిలో. జౌగడలో, భువనేశ్వర్ దగ్గర ధౌలిలో, అంటే యుద్ధం జరిగిన కళింగ నేల మీద, పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వేయించలేదు. ఆ లెక్క చదవాలంటే మన కర్నూలు జిల్లా ఎర్రగుడికో, గుజరాత్‌లో గిర్నార్‌కో పోవాలి. ఓడినవాళ్ళ కళ్ళ ముందే వాళ్ళ శవాల లెక్క చెక్కిస్తే పుండు మీద కారం చల్లినట్టు అవుతుందని వదిలేసి ఉంటారని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ మూడింటి బదులు ఇక్కడ రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి, జౌగడ గొప్పతనమంతా వాటిలోనే ఉంది. గైడ్ వాటి ఊసే ఎత్తలేదు! ఇంత దూరం తీసుకొచ్చి, ఉన్నది వదిలేసి లేనిది చూపించాడు.

ఆ రెండూ ఫోన్‌లో అనువాదం తీసి నేనే చదివి వినిపించాను. మొదటిది సమాపా అనే ఊరి అధికారులకి రాసింది. సమాపా అంటే ఈ జౌగడే అని పండితుల అంచనా. సారాంశం ఇదీ: మీ చేతికింద వేలమంది ఉన్నారు, వాళ్ళ అభిమానం సంపాదించుకోండి. మనుషులందరూ నా బిడ్డలే. ఎవరినీ కారణం లేకుండా నిర్బంధించకండి, హింసించకండి. ఈర్ష్య, ముక్కుమీద కోపం, కఠినత్వం, తొందరపాటు, పని అలవాటు లేకపోవడం, సోమరితనం, అలసట, ఇవి ఉంటే న్యాయం చెయ్యలేరు, ఇవి లేకుండా చూసుకోండి. దీన్ని పుష్యమి నక్షత్రం రోజున చదివి వినిపించాలి, మధ్యలో కుదిరితే ఒక్క మనిషికైనా సరే వినిపించాలి. మీరు ఇలా చేస్తున్నారో లేదో చూడ్డానికి ఐదేళ్ళకోసారి, కఠినుడు కాని అధికారిని పర్యటనకి పంపిస్తాను.

మావయ్యగారు గ్రిల్ పట్టుకుని నిలబడి మొత్తం విన్నారు. విన్నాక "అలసట కూడా రాశాడా? ఇది అచ్చం మా ఆఫీసుకి పైనుంచి వచ్చే సర్కులర్ లాగే ఉందండీ, చివర ఇన్స్‌పెక్షన్ తేదీతో సహా" అని ఒకటే నవ్వు. తర్వాత కాస్త సీరియస్‌గా, "మా సర్కులర్లు మాకే అర్థమయ్యేవి కావు, ఈయన ఊళ్ళోవాళ్ళకి కూడా చదివి వినిపించమన్నాడు చూశారా" అన్నారు. నిజమే మరి, తమమీద పెత్తనం చేసే ఆఫీసరుకి రాజు ఏం చెప్పాడో మామూలు జనం చెవిన కూడా పడాలనుకున్నాడు. ఇప్పుడు ఆఫీసుల్లో గోడలకి ఏ పని ఎన్ని రోజుల్లో చెయ్యాలో బోర్డులు పెడుతున్నారు కదా, వాటి ముందు నిలబడి పని కాక తిరిగొచ్చిన ప్రతివాడికీ ఈ రాయి చూపించాలి.

రెండోది నాకు ఇంకా నచ్చింది. అది రాజ్యానికి లొంగని సరిహద్దు జనం గురించి. "మన విషయంలో రాజు ఏమనుకుంటున్నాడో" అని వాళ్ళు బెంగపడుతుంటారు, నన్ను చూసి భయపడక్కర్లేదని, నా వల్ల వాళ్ళకి సుఖమే గానీ దుఃఖం కలగదని వాళ్ళకి నమ్మకం కలిగించండి అని అధికారులకి చెప్పాడు. ఇటు ఒరియావాళ్ళకి తెలుగువాళ్ళం, అటు ఆంధ్రాలో చుట్టాలకి ఒరిస్సావాళ్ళం అయిపోయిన మాలాంటివాళ్ళకి ఇది చదువుతుంటే ఎక్కడో తగులుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే, మా తాతలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిపోయారు.

మా అమ్మాయి మాత్రం గ్రిల్‌లోంచి తల దూర్చి, "నాన్నా, ఇక్కడ కూడికలు చేశారా, అన్నీ ప్లస్ గుర్తులే" అంది. బ్రాహ్మీలో 'క' అక్షరం అచ్చంగా ప్లస్ గుర్తే. మన తెలుగు లిపి, గుండ్రటి ఒరియా లిపి రెండూ ఆ బ్రాహ్మీలోంచి వచ్చినవే. స్కూల్లో ఒరియా, ఇంట్లో తెలుగు రాసే పిల్లకి ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్లస్సులు వెతుకుతూ అక్కడే కూర్చుండిపోయింది. గైడ్ వాచీ చూసుకుంటున్నాడు. ఒక మాట, రాయి బాగా దెబ్బతింది, మొదటి పలకలో సగం దాకా పోయింది, కాబట్టి అక్షరాలు చూడాలంటే ఎండ ఏటవాలుగా పడే పొద్దుటిపూటే వెళ్ళండి. 1850లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి దీనికి నకలు తీయించాడు.

కారెక్కాక గైడ్ రాణి కారువాకి ప్రేమకథ మొదలెట్టాడు, ఆమె ఇక్కడి కళింగ పిల్ల అని, ఆమె కోసమే అశోకుడు మారాడని. అది సినిమా కథ. కారువాకి పేరు నిజంగానే శాసనంలో ఉంది, కానీ అది అలహాబాద్ స్తంభం మీద. అశోకుడి రెండో రాణి, ఆయన కొడుకు తీవరుడి తల్లి, ఆమె ఇచ్చిన దానాలు ఆమె పేరనే లెక్క రాయండి అని ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కింద ఒక ఆడమనిషి తన దానం తన పేరున రాయించుకున్న సంగతి ఆ ప్రేమకథ కంటే గొప్పగా లేదూ?

పోటాగడ గురించి ఎక్కువ చెప్పను. గోడలు, పాడుబడిన కట్టడాలు, చుట్టూ చెట్టూచేమా, ఎక్కడేముందో చెప్పే బోర్డులు సరిగ్గా లేవు. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, 1768లో గంజాంకి మొదటి రెసిడెంట్‌గా, అంటే కంపెనీ తరఫు అధికారిగా, వచ్చిన ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ ఈ కోట మొదలెట్టాడు. ఇక్కడ గైడ్ పర్వాలేదు, తేదీ సరిగ్గా చెప్పాడు. కానీ అసలు కథ మళ్ళీ వదిలేశాడు. 1815లో గంజాం ఊళ్ళో భయంకరమైన జ్వరాలు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు, తెల్లదొరలు కూడా చాలామంది పోయారు, దాంతో ఆఫీసులు ఇక్కడినుంచి ఎత్తేశారు. మా బరంపురం పట్టణంగా లేచింది ఆ తర్వాతే. జిల్లా పేరు గంజాం, ముఖ్యపట్టణం ఛత్రపూర్, పెద్ద ఊరు బరంపురం అని బయటివాళ్ళు తికమకపడుతుంటారు కదా, ఆ తికమకకి మూలం ఆ జ్వరాలే. ఇది చెప్పకుండా పోటాగడ చూపిస్తే అది ఉత్త ఇటుకల గుట్ట.

భోజనం దారిలో హోటల్లో, అన్నం, దాల్మా, వేయించిన చేప. దాల్మా అంటే కూరగాయలు వేసి వండే ఒరియా పప్పు, వేడిగా, జీలకర్ర పొడి వాసనతో బాగుంది. గోపాలపూర్‌లో టీ తాగాం. ఒకప్పుడు మన జనం రంగూన్ ఓడలెక్కింది ఈ ఒడ్డునుంచేనని డ్రైవరే చెప్పాడు, వాళ్ళ ముత్తాత అలా వెళ్ళి వచ్చాడట. గైడ్ అప్పటికి ఫోన్‌లో పడ్డాడు.

ఇక గిరి గారు. కారు ఆపకుండా "ఈ ఊళ్ళోనే పుట్టారు" అని కిటికీలోంచి చెయ్యి చూపించాడు, అంతే! 1894 ఆగస్టు 10న ఇక్కడ తెలుగు వకీలు ఇంట్లో పుట్టి, డబ్లిన్‌లో లా చదువుతూ ఐర్లండ్ ఉద్యమంవాళ్ళతో కలిసి 1916లో అక్కడినుంచి పంపించెయ్యబడ్డ మనిషి. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపించాడు, మన ఊరి మీదుగా పోయే ఈ లైను అప్పట్లో ఆ కంపెనీదే. యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి గానీ ప్రతిదానికీ ప్రభుత్వం తీర్పు చెప్పకూడదనే ఆయన పద్ధతికి గిరి అప్రోచ్ అనే పేరే స్థిరపడింది. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండి 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల గొడవలో రాజీనామా చేశాడు. 1969లో ఇండిపెండెంట్‌గా నిలబడి ఇంకో తెలుగువాడు సంజీవరెడ్డి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యాడు. ఇంత మనిషికి కిటికీలోంచి ఒక చెయ్యి! మావయ్యగారికి బాగా కోపం వచ్చింది, సంజీవరెడ్డి ఓడిపోయిన ఎన్నిక గురించి ఇల్లు చేరేదాకా ఆయనే మాకు పాఠం చెప్పారు.

కారుకి 2,800, గైడ్‌కి విడిగా 1,200 తీసుకున్నారు. గైడ్ సంగతి మెసేజ్ పెడితే "మళ్ళీ వస్తే డిస్కౌంట్ ఇస్తాం" అని జవాబు. డిస్కౌంట్ ఎవడికి కావాలి, ఆ రెండు శాసనాల అనువాదం ఒక కాగితం మీద తెలుగులో, ఒరియాలో అచ్చు వేయించి కారులో పెట్టండి చాలు అని రాశాను. చూశారు, ఇంకా జవాబు లేదు.

మీరు వెళ్ళేట్టయితే కారు ఒక్కటే మాట్లాడుకోండి. అనువాదం ముందే ఫోన్‌లో దింపుకోండి, రాయి దగ్గర సిగ్నల్ సరిగ్గా ఉండదు. మంచినీళ్ళు, గొడుగు మర్చిపోవద్దు. చైత్ర మాసంలో మంగళవారాలు మాత్రం వద్దు, పక్కనే తారాతారిణి కొండకి జనం పోటెత్తుతారు, పురుషోత్తంపూర్ రోడ్డు మీద బండి కదలదు, వెయిటింగ్ చార్జీ మీ నెత్తిన పడుతుంది.