పరిశోధక ఇంటర్వ్యూలకు కాలర్ మైకు: ఆడియో టెక్నికా ఏటీఆర్3350

పరిశోధన కోసం మనుషుల మాటలను రికార్డు చేసేవారు మైకు ధర కన్నా ముందు చూడవలసినవి రెండు: అది మాట్లాడేవారి నోటికి ఎంత దగ్గరగా ఉంటుంది, దానికి విద్యుత్తు ఎక్కడి నుంచి అందుతుంది. ఏటీఆర్3350 మొదటి విషయంలో నిస్సందేహంగా మంచి మైకు. రెండో విషయంలో వాడేవారి జాగ్రత్త కావాలి.

గడ్డానికి జానెడు కింద దుస్తులకు తగిలించే ఈ మైకులో మాట, బల్ల మీద పెట్టిన రికార్డరులో కన్నా ఎంతో స్పష్టంగా పడుతుంది. దూరం రెట్టింపైతే నేరుగా చేరే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, ఎంత ఖరీదైన రికార్డరూ ఈ తేడాను పూడ్చలేదు. అన్ని దిక్కుల ధ్వనినీ గ్రహించే రకం కావడం వల్ల మాట్లాడేవారు తల తిప్పినా గొంతు తగ్గిపోదు. ఎదురుగా కూర్చున్నవారి ప్రశ్న కూడా సన్నగానైనా వినిపిస్తుంది. ఫ్యాను చప్పుడూ, బట్టల రాపిడీ అలాగే పడతాయి.

ఇక విద్యుత్తు సంగతి. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) తీగతో వచ్చే కండెన్సర్ మైకులకు, అంటే విద్యుత్తు అందితేనే పనిచేసే రకానికి, సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (అదే తీగ గుండా రికార్డరు పంపే విద్యుత్తు) కావాలి, 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్న చిన్న మైకుల్లో చాలా వాటికి రికార్డరు నుంచి వచ్చే కొద్ది వోల్టుల ప్లగ్-ఇన్ పవర్ చాలు, కానీ ఆ సౌకర్యం లేని రికార్డరుకు తగిలిస్తే అవి మూగబోతాయి. ఏటీఆర్3350 మాత్రం తీగ మీది చిన్న పెట్టెలో ఉండే ఎల్‌ఆర్44 బటన్ సెల్‌తో నడుస్తుంది కనుక అలాంటి రికార్డరుతోనూ పనిచేస్తుంది. అయితే స్విచ్ ఆపడం మరిస్తే సెల్ అయిపోతుంది, అది అయిపోయిందని చెప్పే దీపమేదీ లేదు. రికార్డరు తెర మీద నిమిషాలు కదులుతూనే ఉంటాయి, ఫైలులో మాట ఉండదు. నమ్మి మనసు విప్పినవారిని మళ్లీ మొదటి నుంచి చెప్పమని అడగడం న్యాయం కాదు. అందుకే ప్రతి ఇంటర్వ్యూకు ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కొన్ని మాటలు రికార్డు చేసి వినాలి, కొత్త సెల్ ఒకటి సంచిలో ఉంచుకోవాలి.

ఒక్కరితో జరిపే ఇంటర్వ్యూలకు దీన్ని కొనమనే చెబుతాను. బృంద చర్చలకు ఇది చాలదు. వాటికి ఫాంటమ్ పవర్ ఇచ్చే రికార్డరునూ, ఒకటికి మించి మైకులనూ సమకూర్చుకోవడమే మేలు.