భుజం ఆపరేషన్ తర్వాత వేసే దిండు పట్టీ: ఆరు వారాలన్నరు, నేను నాలుగున్నరకే తీసేసిన

ముందే చెప్తున్న, వస్తువు మంచిదే. నాలుగు స్టార్లు. తప్పు నాది, ఆ కథ కూడా రాస్తున్న ఎందుకంటే ఇది కొనేటోళ్ళల్ల నా అసోంటోళ్ళు చానామందే ఉంటరని నా డౌటు.

నేను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌ని, ఉండేది దిల్‌సుఖ్‌నగర్ సైడు. మే నెలల ఒక సాయంత్రం వాన పడుతుంటే మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళల్ల బండి స్కిడ్ అయ్యి కుడి భుజం మీదనే పడ్డ. ఎక్స్‌రేల ఏం లేదు, నాలుగు రోజులల్ల తగ్గుతదిలే అనుకుంటే చెయ్యి చెవి దాకా కూడా లేస్తలేదు, దువ్వుకోవడానికి కూడా ఎడమ చెయ్యే. ఎంఆర్ఐ తీస్తే రొటేటర్ కఫ్ చిరిగిందన్నరు. భుజం చుట్టూ నాలుగు కండరాలు ఉంటయంట, వాటి టెండన్లు (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళ అసోంటియి) ఎముకని పట్టుకొని ఉంటయి, అందుల పైన ఉండే సుప్రాస్పినేటస్ అనేది నాకు తెగింది. చిన్న చిన్న రంధ్రాలు చేసి కెమెరా పెట్టి (ఆడ కూడా కెమెరానే) ఎముకల యాంకర్లు (చిన్న మేకుల అసోంటియి) దింపి దారంతోని టెండన్‌ని మళ్ళీ కుడతరు.

నేను లెక్కేసుకున్నదేందంటే, ఆషాఢంల ముహూర్తాలు ఉండవు గదా, పని లేని నెల, ఆపరేషన్ అప్పుడే పెట్టుకుంటే శ్రావణం వచ్చేసరికి రెడీ. డాక్టర్ సాబ్ ఏమో ఆరు వారాలు పట్టీ, పన్నెండు వారాల దాకా బరువు ముట్టొద్దు, అసలైన బలం రావాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు అన్నడు. ఆయన వారాలు లెక్కపెడుతుండు, నేను తిథులు లెక్కపెడుతున్న.

ఇక పట్టీ సంగతి. ఇది మెడల వేలాడే మామూలు సంచి పట్టీ కాదు. నడుం పక్కన ఒక ఫోమ్ దిండు వస్తది, దానికి బెల్ట్, దాని మీద మోచెయ్యి పెట్టుకునే సంచి, భుజం మీదికెళ్ళి ఒక స్ట్రాప్, బొటనవేలికి ఒక చిన్న లూపు, పిసకడానికి ఒక మెత్త బంతి. దిండు ఎందుకంటే చెయ్యి ఒంటికి అతుక్కోకుండా కొంచెం దూరంగ ఉంటే కుట్టిన టెండన్ మీద లాగుడు తక్కువ ఉంటదంట. హాస్పిటల్ కింద ఉన్న మెడికల్ షాపుల 3,200 చెప్పిన్రు. మా బామ్మర్ది మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌ల దిగి కోఠిల సర్జికల్ షాపులు నాలుగు తిరిగి అదే మాల్ 1,850కి తెచ్చిండు. ఆపరేషన్‌కి రెండు మూడు రోజుల ముందే తెచ్చుకోండి, ఇంట్ల ఒకసారి వేసుకొని స్ట్రాపులు సెట్ చేసి పెన్నుతోని గుర్తు పెట్టుకోండి. మా ఇంటామె అట్ల చేసింది కాబట్టే బతికినం, మత్తుల ఉన్న మనిషికి ఆ ఐదు బెల్టులు చూస్తే ఏది ఎక్కడికో తెలవదు.

మెడ దగ్గర నరానికి మత్తు ఇస్తరు, ఆ రోజు రాత్రి చెయ్యి ఎవరిదో తెచ్చి నా పక్కన పెట్టినట్టు ఉండె. బాగనే ఉంది గదా అని గోలీ వేసుకోకుండా పడుకుంటే తెల్లారుజామున మత్తు దిగి, ఇక చూడు. మత్తు దిగకముందే గోలీ పడాలె, నర్సమ్మ చెప్పింది, నేనే వినలే.

నిద్ర పెద్ద లొల్లి. పండుకుంటే భుజం వెనక్కి జారుతది, అందుకే వీపు వెనక మూడు దిండ్లు, మోచెయ్యి కింద మడిచిన టవలు, మూడు వారాలు సగం కూచొనే పడుకున్న. రాత్రి కూడా పట్టీ తియ్యొద్దు. షర్టు వేసుకునేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, తీసేటప్పుడు ఆ చెయ్యి ఆఖరికి, ముందల గుండీలు ఉన్న లూజు షర్టులే. ఎడమ చేత్తోని తింటుంటే మా అమ్మ చూడలేక రోజూ తనే కలిపి ముద్దలు పెట్టింది, నలభై ఏండ్ల మనిషికి ఆమె ముద్దలు పెడుతుంటే మా చిన్నోడు వీడియో తీసి చుట్టాల గ్రూపుల పెట్టిండు.

వస్తువుల తప్పులు కూడా చెప్పాలె. మెడ స్ట్రాప్ సన్నగ ఉంది, మెడ పక్కన ఒరుసుకపోయి ఎర్రగ అయింది, పాత కాటన్ టవలు ముక్క చుట్టుకుంటే తప్ప కుదరలే. దిండు కవర్ ఊడదీసి ఉతకడానికి రాదు, హైదరాబాద్ ఉక్కపోతల రెండో వారానికే వాసన. వెల్క్రోకి బనీను పోగులన్నీ పట్టి పట్టు తగ్గుతది, పాత టూత్‌బ్రష్‌తోని రుద్దితే మళ్ళీ పట్టుకుంటది. కుడికీ ఎడమకీ ఒకటే పట్టీ పనికొస్తది, అది మంచిగుంది.

కానీ ఈ పట్టీ చేసే ఇంకో పని డబ్బా మీద రాసి లేదు. బోనాలకి లాల్‌దర్వాజ పోయినం, అంత రద్దీల జనం నా పట్టీ చూసి పక్కకి జరిగిన్రు, ఒక పోలీసాయన "అన్నా ఇటు రా" అని తాడు ఎత్తి లోపలికి పంపిండు. షేరింగ్ ఆటోల సీటు ఇచ్చిన్రు. ఇంట్ల ఎవరూ ఏ పనీ చెప్పలే. అది ఒంటి మీద ఉన్నన్ని రోజులు నేను పేషెంట్‌ని.

సరిగ్గ ముప్పై రెండో రోజు తీసేసిన. నొప్పి లేదు, శ్రావణం మొదలైంది, అడ్వాన్స్ తీసుకున్న పెళ్ళి. మా దోస్తుకి కంపెనీ జాబు, ఈఎస్ఐ ఉంది, సిక్ లీవుల ఉంటే సంవత్సరానికి 91 రోజుల దాకా జీతంల 70 శాతం వస్తది, మాకేముంది, ఫంక్షన్ ఉంటేనే పైసలు. పట్టీతోని పోతే పెళ్ళికూతురి నాన్న భయపడతడని ఇంట్లనే వదిలేసి పోయిన. ఆయన నన్ను చూసి మొదటి మాట "చెయ్యి బాగైంది గదా అన్నా, నాకు పెద్ద టెన్షన్ పోయింది" అన్నడు. నేను కూడా అవును అన్న. అట్ల అన్నంక ఇక ఎట్ల ఆపుతం, అసిస్టెంట్ పోరడు కూడా లైట్ స్టాండ్ నా చేతికే ఇచ్చిండు.

నాగోల్ దగ్గర ఫంక్షన్ హాల్. జీలకర్ర బెల్లం దాకా మోచెయ్యి ఒంటికి ఆనించి, బరువంతా ఎడమ చేతి మీద వేసి ఎట్లనో లాగించిన. తలంబ్రాలప్పుడు మొత్తం చుట్టాలు ఫోన్లు పట్టుకొని ముందల లేచి నిలబడ్డరు, అందరు ఫొటోగ్రాఫర్లు చేసేదే నేనూ చేసిన, ఆలోచించకుండా కెమెరా కుడి చేత్తోని తల మీదికి లేపిన. బాడీ, 24-70 లెన్స్, పైన ఫ్లాష్, అన్నీ కలిపి రెండు కిలోల దగ్గర ఉంటది. టీ కప్పు కంటే బరువు లేపొద్దన్న చెయ్యి అది. లోపల ఏదో చిటుక్కుమన్నది, కళ్ళల్ల నీళ్ళు తిరిగినయి, ఆ ఫొటో మాత్రం వచ్చింది, ఆల్బంల డబుల్ పేజీ అదే.

స్కాన్ తీసిన్రు. పూర్తిగ తెగలే, నా అదృష్టం, లోపల వాపు బాగ ఉంది. డాక్టర్ తిట్టలే, తిట్టినా బాగుండు. ఫిజియో మేడం మాత్రం గట్టిగనే వేసుకుంది. "మీ ఆల్బం బైండింగ్‌ల గమ్ ఆరకముందే పేజీ తిప్పుతరా? పైన చూస్తే ఆరినట్టే ఉంటది. నొప్పి పోవుడు వేరే, టెండన్ ఎముకకి అతుకుడు వేరే, దానికి ఒక పన్నెండు వారాలు కావాలె, అప్పటిదాకా మీ దారాలే దాన్ని పట్టుకొని ఉన్నయి" అన్నది. నా పని మాటల్లనే చెప్తే అప్పుడు బుర్రకెక్కింది. అంతకుముందు డాక్టర్ చెప్పింది కూడా ఇదే, నేను సరే సరే అని తలూపిన.

మళ్ళీ మూడు వారాలు అదే పట్టీ. ఈసారి మిగిలిన శ్రావణం మొత్తం ఇంట్లనే, నాలుగు ఫంక్షన్లు వేరేటోళ్ళకి ఇచ్చేసిన, కమీషన్ కూడా అడగలే. రెండోసారి తీసేసరికి భుజం బిగుసుకపోయింది, అంటే అటు ఎక్కువ చేస్తే తెగుతది, ఇటు అస్సలు కదలకపోతే బిగుస్తది, ఈ రెంటి మధ్యల నడిపించేది ఫిజియోనే, యూట్యూబ్ చూసి చెయ్యకండి. ముందుకి వంగి చెయ్యి లోలకం లెక్క వేలాడదీసి తిప్పుడు, కర్ర రెండు చేతులతోని పట్టుకొని మంచి చేత్తోని కుడి చెయ్యిని లేపుడు, తర్వాత పుల్లీ.

పుల్లీ కూడా కోఠిలనే, 350. తలుపు పైన ఇరికించి తాడు లాగేది. ఇరవై రూపాయల బావి గిలక లెక్కనే ఉంటది కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఒక్కటే జాగ్రత్త, తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకోండి, నేను లాగుతుంటే మా చిన్నోడు అవతలి నుంచి తలుపు తోసిండు, పుల్లీ వచ్చి నెత్తి మీద పడ్డది. చేసినంక పావుగంట ఐసు, గుడ్డల చుట్టి.

నాలుగో నెలల మళ్ళీ పనికి పోయిన, మోనోపాడ్ (ఒంటికాలు స్టాండ్) మీద కెమెరా, పైనుంచి తీసేవి అన్నీ అసిస్టెంట్‌కి. దిండు పట్టీ ఇంట్లనే పెట్టి ఈసారి మెడల మామూలు సంచి పట్టీ వేసుకొని పోయిన, అవసరం లేదు అసలు, ఫిజియో మేడం కూడా వద్దనే అన్నది, షాట్ షాట్‌కి మధ్యల వేసుకునుడు, షాట్ అప్పుడు తీసుడు. ఎవరూ భుజం తట్టలే, స్టాండ్ పట్టుకోమని ఎవరూ అనలే, పెళ్ళికొడుకు నాయనమ్మ అయితే భోజనాల లైన్ల నన్ను నిలబడనియ్యలే, కుర్చీ వేయించి ప్లేటు తెప్పించి "స్పూన్ ఉందా బిడ్డా" అని అడిగింది.