ఇరుకు ఇంజన్ బేలో ఆల్టర్నేటర్: ఇంటి దగ్గరే మార్చి, ఏళ్ల తరబడి నడిపి చూశాక

ఇరుకు సందులో కూర్చునే ఆల్టర్నేటర్‌ని, అంటే ఇంజన్ నడుస్తుండగా కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే పార్టుని, ధర చూసి కొనకూడదు. ఇన్నేళ్లు వాడాక నేను ముందుగా చెప్పే మాట ఇదే. చెయ్యి సులువుగా దూరే చోట ఉండే పార్టయితే చవకది వేసి చూడొచ్చు, పోతే మళ్లీ మార్చుకోవచ్చు. రేడియేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య, అరచెయ్యి తిప్పడానికి చోటు లేని దగ్గర బిగించే పార్టుకి ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ పార్టు ఖరీదు కంటే దాన్ని తీసి పెట్టే శ్రమే ఎక్కువ. ఆ శ్రమ ఒక్కసారితో అయిపోవాలి.

మాది 2005 టయోటా కరోలా, 1.8 పెట్రోల్, 1జడ్‌జడ్-ఎఫ్ఈ ఇంజన్. మన దేశంలో 2003లో వచ్చి, 2008లో ఆల్టిస్ వచ్చేదాకా అమ్ముడైన మోడల్. ఉండేది విజయవాడలో. ఊళ్లో ట్రాఫిక్, మధ్యమధ్య 65వ నంబరు హైవే మీద హైదరాబాద్ ప్రయాణం. ఏసీ లేకుండా బండి కదిలే కాలం మా దగ్గర ఏడాదిలో ఎన్నో రోజులుండదు. అంటే ఆల్టర్నేటర్ మీద ఎప్పుడూ లోడు ఉన్నట్టే. ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్లు, రాత్రయితే హెడ్‌లైట్లు, వానొస్తే వైపర్లు, అన్నిటికీ కరెంటు అదే ఇవ్వాలి. బండితో వచ్చిన ఆల్టర్నేటర్ పదేళ్లకు పైగా ఏ పేచీ లేకుండా పనిచేసింది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు మొదటిసారి వెలిగినప్పుడు మెకానిక్ చూసి, "డైనమో సార్, కొత్తదెందుకు, ఓవర్‌హాలింగ్ చేయిస్తే సరిపోతుంది" అన్నాడు. ఆల్టర్నేటర్‌నే డైనమో అంటారు. ఒక షాపులో కార్బన్లు (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే బ్రష్‌లు), బేరింగులు, డయోడ్ ప్లేటు (దిశ మారే కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే ఒకే దిశ కరెంటుగా మార్చేది) మార్చి ఇచ్చారు. తర్వాతి ఎండాకాలం రాగానే అదే గుర్తు మళ్లీ వెలిగింది. విప్పి చూస్తే కార్బన్లు బాగానే ఉన్నాయి, బేరింగులూ బాగానే తిరుగుతున్నాయి. పేరూ ఊరూ లేని డయోడ్ ప్లేటు మాత్రం ఒక మూల నల్లగా మాడిపోయి ఉంది. ఓవర్‌హాలింగ్ అనే పద్ధతిని నేను తప్పుపట్టను. మంచి డయోడ్ ప్లేటు వేస్తే అది చక్కగా నడుస్తుంది. ఏ ప్లేటు వేస్తున్నారో మనకు చూపించరు, చిక్కంతా అక్కడే వస్తుంది. ఈసారి పార్టు నేనే ఎంచుకోవాలని, బిగించడం కూడా ఇంటి దగ్గరే చెయ్యాలని అనుకున్నాను.

విప్పే ముందు పోయింది ఆల్టర్నేటరే అని తేల్చుకోవాలి. దీనికి మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండిలో మంచి బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర ఉంటుంది. చల్లటి ఇంజన్‌ని ఏసీ, లైట్లు వేయకుండా స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్యకు రావాలి. రాలేదంటే ఛార్జింగ్ సరిగా అందడం లేదు. 15 దాటితే ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడిపోయి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. తర్వాత మీటర్‌ని ఏసీ ఓల్టేజీలోకి (ఇది బండి ఏసీ కాదు, దిశ మారే కరెంటు) తిప్పి అదే బ్యాటరీ మీద పెట్టాలి. అర ఓల్టు దాటి చూపిస్తే డయోడ్లలో ఒకటో రెండో పోయాయని అనుమానించాలి. మా బండికి ఈ పరీక్షలోనే దొరికిపోయింది: డీసీ (ఒకే దిశ కరెంటు) 13.1 చూపిస్తూనే ఏసీ బాగా ఎక్కువ చూపించింది.

ఫ్యూజు బాక్సులో ఆల్ట్ అని రాసి ఉండే 100 ఆంపియర్ల ఫ్యూజు కూడా చూడండి. అది పోయినా లక్షణాలు ఇవే. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకముందు బ్యాటరీ గుర్తు వెలుగుతోందా అన్నది ఇంకొకటి. అప్పుడు వెలగకపోతే బల్బో వైరో పోయినట్టు, అలాంటప్పుడు ఆల్టర్నేటర్ చచ్చినా డాష్‌బోర్డు చెప్పదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. ఆ క్షణంలో ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, బాగున్న డయోడ్లూ, ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) కూడా పోవచ్చు.

పార్టు కోసం ఆటోనగర్‌లో చాలా షాపులు తిరిగాను. స్క్రాప్ బండ్లలోంచి తీసినవి ఉన్నాయి, పైపైన రంగు కొట్టినవి ఉన్నాయి, ఏ కంపెనీదో తెలియని కొత్తవి ఉన్నాయి. చివరికి డెన్సో కొత్తదే ఆర్డరు పెట్టించాను, 12 ఓల్టులు, 80 ఆంపియర్లు. ఓవర్‌హాలింగ్‌కి అయినదానికి మూడింతలకు పైగానే అయింది, పైగా స్టాకు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. పాతదాని స్టిక్కరు మీద నంబరు ఫోనులో ఫొటో తీసి పట్టుకెళ్లండి. పుల్లీ మీద గాళ్లు ఎన్ని, బిగించే చెవుల మధ్య దూరమెంత, వెనక మూడు వైర్ల సాకెట్ ఆకారం ఏంటి, ఈ మూడూ కౌంటర్ దగ్గరే సరిచూసుకోవాలి.

ఇక పని. బానెట్ తెరిచి ముందు నిలబడితే ఆల్టర్నేటర్ మన ఎడమ చేతి వైపు, ఇంజన్ ముందు భాగంలో ఉంటుంది. దాని కిందే ఏసీ కంప్రెసర్. ఎదురుగా రేడియేటర్. పక్కన బెల్టుకీ బాడీ ఫ్రేముకీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు. మొట్టమొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయాలి. ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావుపాటి వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, కీ తీసేసినా దానిలో కరెంటు ఉంటుంది. స్పానర్ ఒక కొస ఆ నట్టుకీ ఇంకో కొస బాడీకీ తగిలిందంటే పెద్ద మంట లేస్తుంది.

రేడియేటర్ ముందు ఒక అట్ట ముక్క దోపితే దాని పలచటి రెక్కలకు దెబ్బ తగలదు. బెల్టు ఎలా తిరిగి వస్తోందో ఫొటో తీయాలి. ఈ ఇంజన్‌లో ఆల్టర్నేటర్, వాటర్ పంపు, స్టీరింగ్ పంపు, ఏసీ అన్నీ ఒకే బెల్టు మీద నడుస్తాయి. బెల్టు సరిగా కూర్చోకపోతే ఛార్జింగే కాదు, ఇంజన్ కూడా వేడెక్కిపోతుంది.

అసలైన ఇరుకు బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ దగ్గర మొదలవుతుంది. దాని మీద 19 మిల్లీమీటర్ల బోల్టు తల ఉంటుంది. మామూలు రాచెట్‌కి సాకెట్ తగిలిస్తే ఫ్రేముకి తగులుకుని లోపలికి పోదు. పలచటి తల, పొడవాటి పిడి ఉన్న రింగు స్పానర్ కావాలి. బెల్టు కోసమే అమ్మే పొడవు పట్టీ స్పానర్ దొరికితే ఇంకా మంచిది. ఇంకొక మనిషి ఉంటే పని సగమవుతుంది. నేను స్పానర్ మీద బరువు వేసి టెన్షనర్‌ని లాగి పట్టుకుంటే, మా అబ్బాయి బెల్టుని ఆల్టర్నేటర్ పుల్లీ మీంచి తప్పించాడు. "నాన్నా, వచ్చేసింది, మెల్లగా వదులు" అనేదాకా స్పానర్ వదలకూడదు, వేళ్లు నలిగిపోతాయి.

ఆల్టర్నేటర్‌ని పట్టుకునేవి రెండే బోల్టులు, ఒకటి 12 తల, ఇంకొకటి 14 తల. పై బోల్టు కనపడుతుంది. కింది బోల్టు కంటికి ఆనదు, వేలితో తడిమి తల ఎక్కడుందో చూసుకుని సాకెట్ పెట్టాలి. మెడ వంగే జాయింటూ పొడవాటి ఎక్స్‌టెన్షనూ లేకుండా ఆ బోల్టు జోలికి పోవద్దు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచడం వల్ల అది కిర్రుమంటూ వదులైంది. వెనక లావు వైరు నట్టు 10 సైజు, రబ్బరు టోపీ కింద ఉంటుంది. వైర్ల సాకెట్ గొళ్లెం వేడికి పెళుసెక్కి ఉంటుంది కాబట్టి స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నకుండా, నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగాలి. బోల్టులన్నీ తీసినా ఆల్టర్నేటర్ కదలదు, బ్రాకెట్ దాన్ని గట్టిగా కరిచి పట్టుకుని ఉంటుంది. రెండు వైపులా మార్చి మార్చి తెడ్డు కడ్డీతో కొద్దికొద్దిగా ఎత్తితే జారుతుంది. ఆ తర్వాత పుల్లీని పైకి తిప్పి, అడ్డొచ్చే రబ్బరు హోసుని ఒక చేత్తో పక్కకు నొక్కిపట్టి బయటికి తీశాం.

కొత్తది ఎక్కించే ముందు ఒక చిన్న పని ఉంది. ఎక్కువ మంది దీన్ని వదిలేసి అవస్థ పడతారు. ఆల్టర్నేటర్ చెవిలో చిన్న గొట్టంలాంటి ఒక స్టీలు బుష్ ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది లోపలికి జరిగి బ్రాకెట్‌ని పట్టుకుంటుంది. కొత్తదానిలో అది ముందుకు వచ్చి ఉంటే బ్రాకెట్ మధ్య ఎంత తోసినా పట్టదు. బల్ల మీద ఉండగానే ఒక సాకెట్ ఆనించి సుత్తితో నెమ్మదిగా కొట్టి, బుష్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిపాను. తర్వాత ఆల్టర్నేటర్ చేత్తోనే జారి కూర్చుంది. ఇంజన్ బేలో పెట్టాక ఆ పని చేయాలంటే సుత్తి ఎత్తడానికే చోటుండదు.

బిగింపు కొలతలు: 14 తల బోల్టుకి 54 న్యూటన్ మీటర్లు, 12 తలకి 25, వెనక వైరు నట్టుకి 10 లోపు. ఆ నట్టు వదులుగా ఉంటే వేడెక్కి వైరు కాలుతుంది, మితిమీరి బిగిస్తే లోపలి టెర్మినల్ తిరిగిపోతుంది. బెల్టు వేశాక టార్చి పెట్టి ప్రతి పుల్లీ మీద గాళ్లు సరిగా కూర్చున్నాయో చూడాలి, ఒక్క గాడి పక్కకు జరిగినా బెల్టు అంచు చీలడం మొదలవుతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీతో కొత్త ఆల్టర్నేటర్‌ని నడపకూడదు. ఖాళీ బ్యాటరీని నింపడానికి అది గంటల తరబడి పూర్తి లోడులో వేడెక్కుతుంది. ముందు బ్యాటరీని ఛార్జర్ మీద నింపుకున్నాం, తర్వాతే స్టార్ట్ చేశాం. 14.2 చూపించింది.

ఇప్పుడు వాడకం సంగతి. ఏళ్లు గడిచాయి, ఎండాకాలాలు, ముసురు వానలు ఎన్నో చూసింది. బ్యాటరీ గుర్తు మళ్లీ వెలగలేదు. ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి ఐడిల్‌లో ఉంచితే 13.6 దగ్గర నిలబడుతుంది. ఓవర్‌హాల్ చేసినది అదే లోడులో 13 కిందికి జారేది, సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్ల వెలుగు కుంగేది. రోహిణి కార్తెలో గంటసేపు నడిపాక చూస్తే పొద్దున 14.2 ఉన్నది 13.5కి దిగి ఉంటుంది. అది చూసి మొదట్లో నాకు టెన్షన్ పట్టుకునేది. వేడి పెరిగేకొద్దీ రెగ్యులేటర్ కావాలనే ఓల్టేజీ తగ్గిస్తుంది, బ్యాటరీ అతిగా ఛార్జ్ కాకుండా ఉండటానికి. ఎండలో 13.5 ఉంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టే.

నచ్చనివీ ఉన్నాయి. ధర ఎక్కువ, అందులో సందేహం లేదు. బండిని ఇంకో ఏడాదిలో అమ్మేసే వాళ్లకు అంత పెట్టమని నేను చెప్పను. వాళ్లకు నమ్మకమైన చోట, డయోడ్ ప్లేటు డబ్బా మీద పేరు చూసి చేయించే ఓవర్‌హాలింగ్ చాలు. కార్బన్లు మాత్రమే అరిగితే అసలు ఆల్టర్నేటర్ మార్చక్కర్లేదు. బయటికి కనిపించే కార్బన్ పొడవు 1.5 మిల్లీమీటర్లకు తగ్గితేనే వాటిని మార్చాలి. ఇంట్లో చేసే విషయానికొస్తే, గట్టి నేల, రెండో మనిషి, పొడవాటి 19 స్పానర్, మెడ వంగే జాయింటు, ఈ నాలుగూ ఉంటే ధైర్యంగా దిగొచ్చు. కింది నుంచి చూడాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి, స్టాండ్లు వేసుకోవాలి. ఇవేవీ లేకపోతే పార్టు మీరు కొనిచ్చి, బిగింపు మెకానిక్‌తో చేయించుకోవడం మేలు.

మళ్లీ ఇదే బండికి మార్చాల్సి వస్తే ఇదే పార్టు కొంటాను. ఒక్కటి మాత్రం వేరుగా చేస్తాను: ఆ రోజే టెన్షనర్ కూడా మార్చేస్తాను. ఈ ఇంజన్‌లో అది నూనెతో పనిచేసే రకం. వయసు మీదపడితే నూనె కారి, ఐడిల్‌లో టకటకమని చప్పుడు చేస్తుంది. దాని పొడవు బోల్టు ఫ్రేముకి తగులుకుని బయటికి రాదు కాబట్టి, ఇంజన్‌కి కింద జాకీ ఆనించి, ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటుల్లో బండి కుడివైపుది విప్పి కాస్త ఎత్తాలి. ఎలాగూ బెల్టు విప్పి, చేతులు మసి చేసుకున్న రోజే ఆ పనీ కానిచ్చేస్తే ఆ సందులోకి రెండోసారి చెయ్యి పెట్టే అవసరం ఉండదు.