ఐదు ముక్కల సెట్టులో ఇప్పటికీ వాడుతున్నది ఒక్క పరుపే

బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదని మా అత్తమ్మ పట్టు. అందుకే పాప మూడో నెలలో నేను చిత్తూరులో పుట్టింటి నుంచి తిరుపతికి వచ్చే ముందు వారం, హడావిడిగా చెక్క క్రిబ్ (చుట్టూ కమ్మీలుండే పిల్లల మంచం), దాంట్లోకి ఐదు ముక్కల సెట్టు కొన్నాం. పరుపు, చిన్న దిండు, పక్క దిండ్ల జత, బొంత, కమ్మీల చుట్టూ కట్టే మెత్తటి బంపర్. క్రిబ్ 9,000 రూపాయలు, సెట్టు 2,800. పదిహేను నెలలు వాడాక రాస్తున్నా. క్రిబ్‌కు నాలుగు స్టార్లు. సెట్టులో పరుపుకు మాత్రమే మార్కులు వేయగలను, మిగతావి బీరువా మీద మూట కట్టి ఉన్నాయి.

మొదటి వారం అన్నీ అమర్చి ఫోటో తీసి బంధువులందరికీ పంపాను. చూడటానికి నిజంగా బాగుంది. నాలుగో రోజో ఐదో రోజో రాత్రి రెండింటికి పాలకు లేచి చూస్తే, పాప మూలకు జరిగి ముక్కు బంపర్‌కు ఆనించి నిద్రపోతోంది. వేలు పెట్టి చూశాను, ఊపిరి తగిలింది. కానీ ముక్కు దగ్గరి గుడ్డ చెమ్మగా, వెచ్చగా ఉంది. వదిలిన గాలినే మళ్లీ పీలుస్తోందన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మరుసటి రోజు డల్లాస్‌లో ఉన్న మా వదినకు వీడియో కాల్ చేస్తే, "ముందు అవన్నీ తీసెయ్, ఇక్కడ అమ్మనివ్వరు కూడా" అంది. "మీవాడికి కట్టారు కదా వదినా, ఫోటోల్లో చూశాను" అన్నాను. "వాడు 2010లో పుట్టాడు. అప్పుడు ఎవరూ వద్దనలేదు, కట్టాను" అంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ బంపర్లు వద్దని చెప్పింది 2011లో. 2022లో ఏకంగా చట్టమే చేసి మెత్తటి బంపర్ల అమ్మకం ఆపేశారు.

అత్తమ్మకు ఇది చెబితే, "ఏటికొక మాట చెప్పేవాళ్లను నమ్మి బిడ్డను వట్టి చెక్కల మధ్య పండబెడతావా?" అంది. ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. బోర్లా వద్దని 1992లో చెప్పారు, పక్కకు తిప్పి కూడా వద్దని 2005లో చెప్పారు, ఆ తర్వాత బంపర్. మాట మారుతూనే ఉంది. కానీ ఈ మూడుసార్లూ ఏదో ఒకటి వద్దనే చెప్పారు తప్ప, పక్కలో కొత్త దిండో బొంతో కొని పెట్టమనలేదు. అసలు బంపర్ పుట్టిందే పాతకాలపు క్రిబ్‌లలో కమ్మీల సందు వెడల్పుగా ఉండి, పిల్లల తల ఇరుక్కునేదని. సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదని అమెరికాలో 1970లలోనే రూలు పెట్టారు. మాది టేపుతో కొలిస్తే ఐదున్నర. ఇక దాని పనేముంది?

ఇంకో మాట. మా అత్తమ్మ ముగ్గురు పిల్లలను పెంచింది చాప మీద, పాత నూలు చీర మడతేసి. అక్కడ బంపర్ లేదు, నురుగు బొంత లేదు. కొత్త డాక్టర్లు చెప్పే గట్టి పరుపు, దాని మీద బిగించి పరిచిన దుప్పటి అనే మాటకు ఆమె చాపే దగ్గర. ఈ సెట్టు అటు పెద్దవాళ్లదీ కాదు, ఇటు డాక్టర్లదీ కాదు, షాపువాళ్లది. ఇది ఆమెతో అన్నాక గొడవ సగం తగ్గింది.

మిగతా సగం ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని తనే కుట్టింది. మేలుకుని ఉన్నప్పుడు, ఎవరైనా పక్కన కూర్చుంటేనే పెట్టాలని ఒప్పందం. రెండు వారాలకు కుట్టు ఊడి పరుపంతా ఆవాలు. ఒకటి పాప మెడ మడతలో దొరికింది. ఆ తర్వాత అత్తమ్మే దాన్ని తీసేసింది. పిల్లల డాక్టరు మాత్రం నిద్ర వెల్లకిలానే, మేలుకున్నప్పుడు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా వేయమన్నారు.

బంపర్ తీశాక ఫ్యాను గాలి సరిగ్గా తగిలింది. మే నెల తిరుపతి ఎండల్లో, కరెంటు పోయిన రాత్రుల్లో దాని విలువ తెలిసింది. పరుపు మీద పాత పంచె పరిచి, అంచులు కిందకు బిగించి దోపుతాను. పరుపుతో పాటు ఇచ్చిన రబ్బరు షీటు చెమట పట్టిస్తుంది, వాడొద్దు. దోమతెర గురించి వదిన సలహాల్లో ఏమీ లేదు, ఇక్కడ అది లేకుండా కుదరదు. క్రిబ్ బయటి నుంచి బిగించి కడతాం, వేలాడే గుడ్డ పాప చేతికి అందకుండా.

నష్టం కూడా చెప్పాలి. తొమ్మిదో నెలలో కాలు కమ్మీల సందులో పెట్టి మోకాలి దాకా ఇరికించుకుంది. ఇల్లు అదిరేలా ఏడుపు. కొబ్బరినూనె రాసి మెల్లగా తీశాం. ఆ రోజు బీరువా వైపు చూడలేదని అబద్ధం చెప్పను. మళ్లీ కట్టలేదు.

క్రిబ్‌కు ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, బోల్టులు రెండు నెలలకోసారి వదులవుతాయి. పాప పట్టుకుని నిలబడే లోపే పరుపు కింది మెట్టుకు దించండి, మేం వారం ఆలస్యం చేసి భయపడ్డాం.

పదకొండో నెలలో తిరుమల కళ్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించాం. గుండుకు చందనం రాస్తూ అత్తమ్మ వెనక భాగం రెండుసార్లు తడిమి చూసింది. "చూడు, ఈడ కొంచెం సొట్ట ఉంది, నేను చెప్పలా?" అంది. నిజమే, కొంచెం ఉంది. ఇప్పుడు జుట్టు వచ్చి కనబడటం లేదు.