రణస్థలం దగ్గర పంజాబీ దాబా: ఖీర్ కోసం ఆగండి

శ్రీకాకుళం వైపు హరికథ ముగించుకుని విజయనగరం వస్తూ, రాత్రి పదకొండు దాటాక రణస్థలం దగ్గర హైవే పక్కన పంజాబీ దాబాలో ఆగాం. మృదంగం ఆయన, హార్మోనియం ఆయన, నేను. కథ చెప్పించుకున్న కమిటీ వాళ్లు సంభావన సగమే చేతిలో పెట్టారు. ఆ దిగులుతోనే కూర్చున్నాం.

రోటీలు బాగున్నాయి. పప్పులో ఉప్పు ఎక్కువైంది. చెప్పుకోవలసింది ఖీర్ గురించి. పాలు మరిగి మరిగి లేత గోధుమరంగు తిరిగాయి, మెతుకు నాలుక మీద కరిగిపోతోంది, పైన నెయ్యి చుక్కలు చుక్కలుగా తేలుతోంది. మన పరమాన్నంలో ముందు బెల్లం తగులుతుంది, ఇందులో పాలే. గిన్నె 60 రూపాయలు.

నా చిడతలు చూసి సర్దార్జీ వచ్చి పక్కన కూర్చున్నారు. "దాసుగారూ, ఈ నేతి ఖీర్ మా సిక్కుల పవిత్ర గ్రంథంలోనే ఉంది" అన్నారు. రాసింది సత్తా, బల్వంద్ అట. సిక్కుల ఐదో గురువు గురు అర్జన్ దర్బారులో రబాబు అనే తీగవాద్యం వాయిస్తూ పాడే ముస్లిం గాయకులు. ఇంట్లో ఆడపిల్ల పెళ్లికని ఒకరోజు కానుకలన్నీ అడిగారట. ఆ రోజు వచ్చినవి చాలలేదు. అలిగి పాడటం మానేశారు, గురువులనే తూలనాడారు. గురు అర్జన్ ఇక సిక్కులనే కీర్తన పాడుకోమన్నారట. చివరికి లాహోరు భాయి లద్ధా వీళ్ల తరఫున వేడుకుంటే క్షమించి, నిందించిన నోటితోనే స్తుతించమన్నారని చెబుతారు.

అలా పుట్టిందట రామ్‌కలీ రాగంలోని వాళ్ల వార్, అంటే స్తుతిగీతం, 8 పౌడీలు (చరణాలు). అందులో రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీని చల్లటి చెట్టునీడతో పోల్చి, ఆమె లంగరులో, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే చోట, పంచే నేతి ఖీర్‌ని అమృతమన్నారు. ఆ పవిత్ర గ్రంథానికి తొలి రూపమైన 1604 నాటి ఆదిగ్రంథంలో గురు అర్జన్ దాన్ని చేర్చారు.

గురువుని తిట్టడం తప్పే. కానీ పెళ్లి ఖర్చు నెత్తిన పెట్టుకుని తీగ మీటడం ఎంత కష్టమో మాకు తెలుసు. డబ్బు దగ్గర గొడవపడి వెళ్లినవాళ్ల పాటని గురువుల పాటల పక్కన నిలిపారే! వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి.

శనివారాలు ఖీర్ తొందరగా అయిపోతుందట, వెళ్లగానే చెప్పి ఉంచండి. చేతులు కడుక్కునే చోట లైటు లేదు, చూసుకుని నడవండి. మా హార్మోనియం ఆయన ఇంటికి ఒక డబ్బా కట్టించుకున్నారు.